గేమింగ్ రూటర్ కొనాలా అంటే, వద్దు పిన్నీ

పోయిన నెల్లో ఒక ఆదివారం పొద్దున్నే గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "ఏమ్మా, మా అబ్బాయి గేమింగ్ రూటర్ కొనిపెట్టమని పది రోజుల నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. పాతిక వేలట. నువ్వు ఆ లైన్లోనే ఉన్నావుగా, కొనమంటావా?" అని అడిగింది. "వద్దు పిన్నీ" అన్నాను, ఇంకో మాట లేకుండా. వెంటనే వాడు ఫోన్ లాక్కుని, "అక్కా, ఆట మధ్యలో పింగ్ రెండొందలు దాటుతోంది. చూడకుండానే వద్దంటావేంటి?" అన్నాడు.

పింగ్ అంటే మన దగ్గర నుంచి బయల్దేరిన సమాచారం సర్వర్‌కి పోయి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో. అది ఎంత తక్కువైతే ఆట అంత బాగుంటుంది. వాడి గొంతులో నిజంగానే బాధ ఉంది. ర్యాంక్ మ్యాచ్, చివరి రౌండు, అటొకడు ఇటు వీడు. మూల తిరిగేసరికి తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి వీడు చచ్చి పడి ఉన్నాడు. పెద్దవాళ్ళు దీన్ని ఆటే కదా అని కొట్టిపారేస్తారు. నేను కొట్టిపారేయను. నలభై నిమిషాలు మనసు పెట్టి చేసిన పని మనది కాని తప్పు వల్ల పోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. పైగా మా ఇంట్లో రెండేళ్ళ కిందట సరిగ్గా ఇదే గొడవ నడిచింది. అప్పుడు ఆ పాతిక వేల రకం రూటరు మా ఇంటికి వచ్చింది కూడా. వచ్చాక ఏమైందో ఫోన్లో చెప్పడం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా పిన్నిలాగే ఆలోచనలో పడ్డ అమ్మానాన్నలు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు.

డల్లాస్ నుంచి వచ్చిన పెట్టె

మాది మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. నెట్ 40 ఎంబీపీఎస్ (సెకనుకి 40 మెగాబిట్లు) ఫైబర్ ప్లాను, డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ అదే వేగం. నేను వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తాను. సాయంత్రం అయ్యేసరికి ఆ రోజు చేసిన పెద్ద ఫైళ్ళన్నీ సర్వర్‌కి ఎక్కించాలి. తమ్ముడు కాలేజీ నుంచి వచ్చి వాలరెంట్ అనే ఆన్‌లైన్ కాల్పుల ఆట తెరిచేదీ అప్పుడే. "అక్కా, ఏం ఎక్కిస్తున్నావ్? ఒక్క రౌండు ఆపవా!" అని పక్క గదిలోంచి కేక. నీ ఆట కోసం నా ఉద్యోగం ఆపాలా అని నేను, నీ ఫైళ్ళ వల్లే నా ర్యాంకు పోయిందని వాడు. వాడి ఆటే నా మీటింగులని తినేస్తోందని చాలా రోజులు గట్టిగా నమ్మాను. తప్పు నాదే. ఆన్‌లైన్ ఆట పంపేదీ తెచ్చుకునేదీ చాలా కొంచెం. ఎవరు ఎటు కదిలారు, ఎవరు ఎక్కడ కాల్చారు అన్న చిన్న చిన్న సమాచారమే, సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. లైను నింపేది నా ఫైళ్ళు. అవస్థ పడింది వాడు.

అప్పుడే మా పెదనాన్న కొడుకు డల్లాస్ నుంచి సెలవులకి వస్తూ, తమ్ముడు అడిగాడని గేమింగ్ రూటర్ తెచ్చాడు. మిఠాయి పెట్టంత ఉంది, చుట్టూ యాంటెన్నాలు. పెట్టె మీద వేలల్లో ఏదో అంకె. ఆ అంకె ఏంటో అప్పుడు మాకెవరికీ తెలియదు. ఆ రూటర్‌లో ఉన్న బ్యాండులన్నిటి, అంటే వైఫై వాడే రేడియో తరంగాల పట్టీలన్నిటి, గరిష్ఠ వేగాలనీ కాగితం మీద కూడి పెట్టే మొత్తం అది. ఏ ఒక్క ఫోనుకీ ఏ ఒక్క లాప్‌టాప్‌కీ అంత వేగం రాదు. మా ప్లాను చూస్తే 40. అందులో 6 గిగాహెర్ట్జ్ బ్యాండు కూడా ఉంది. దాన్ని అందుకునే ఫోన్ మా ఇంట్లో ఒక్కటీ లేదు. మన దేశంలో ఆ బ్యాండు కోసం ప్రభుత్వం ముసాయిదా నిబంధనలు ఇచ్చిందే 2025 మేలో.

మొదటి రెండు రోజులూ తమ్ముడు సూపర్ అన్నాడు. మూడో రోజు నేను ఒక పెద్ద ఫోల్డరు ఎక్కించాను. పింగ్ 22 నుంచి 230కి వెళ్ళింది, ఎప్పటిలాగే.

దాంతో వాడు రూటర్ యాప్‌లోకి వెళ్ళి గేమ్ ప్రయారిటీ అన్న మీట నొక్కి, తన లాప్‌టాప్‌ని అందరికన్నా ముందు పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు. పింగ్ నిజంగానే తగ్గింది. నాలుగు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఐదో రోజు నాకు క్లయింటుతో కాల్. ఆరు నెలల పని చూపించాలి. పది నిమిషాలు మాట్లాడానో లేదో నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోందన్నారు, తర్వాత బొమ్మ ఆగిపోయింది, తర్వాత కాలే తెగిపోయింది. మళ్ళీ కలిస్తే మళ్ళీ అంతే. చివరికి ఫోన్ హాట్‌స్పాట్ మీద పూర్తి చేశాను, చేతులు వణుకుతున్నాయి. బయటికొచ్చి చూస్తే తమ్ముడు అన్నం తింటున్నాడు. ఆడటం లేదు. గదిలో వాడి లాప్‌టాప్ మాత్రం 30 జీబీ గేమ్ అప్‌డేట్ దించుకుంటోంది. రూటర్‌కి వాడు చెప్పింది "ఈ లాప్‌టాప్‌ది ముందు" అని కదా. అది చెప్పినట్టే చేసింది. విషయం తెలిశాక వాడు సగం అన్నం వదిలేసి వచ్చి "సారీ అక్కా, నిజంగా తెలీదు" అన్నాడు. వాడికి తెలీదన్నది నిజమే.

నా అభిప్రాయం ఆ రోజు కుదిరింది. ఇంటి నెట్‌లో ఒకరిని ముందు పెట్టడం అన్న ఆలోచనే తప్పు. గేమింగ్ రూటర్లు అమ్మేది ఎక్కువగా ఆ ఆలోచనే. ఆటకి కావలసింది ప్రయారిటీ కాదు. ఇంట్లో ఎవరి పనీ ఇంకొకరి దారికి అడ్డం పడకపోవడం.

కిరాణా కొట్టు దగ్గర ఇద్దరు

మా చిన్నప్పుడు వీధి చివర కిరాణా కొట్టు ఉండేది. ఒకాయన నెల సామాను చీటీ తెచ్చి ఇస్తాడు. కందిపప్పు ఐదు కేజీలు, నూనె, బియ్యం, చింతపండు, అన్నీ తూచి కట్టాలి, అరగంట పని. ఈలోగా ఒక పిల్లాడు అగ్గిపెట్టె కోసం వస్తాడు. కొట్టాయన పప్పు తూస్తూనే ఒక చేత్తో అగ్గిపెట్టె ఇచ్చి చిల్లర పుచ్చుకుని వాణ్ణి పంపేస్తాడు. నెల సామాను ఆయనకి దాని వల్ల పోయిందేమీ లేదు. పిల్లాడు అరగంట ఎండలో నిలబడాల్సిన అవసరమూ లేదు.

మామూలు రూటర్ అలా చేయదు. వచ్చిన వరసలో పంపుతుంది. నా ఫైళ్ళు ప్యాకెట్లు అనే వేల చిన్న ముక్కలుగా వచ్చి ముందు నిలబడతాయి, తమ్ముడి చిన్న ప్యాకెట్టు వాటి వెనక. లైను నిండినప్పుడు పంపలేనివాటిని రూటర్ తన బఫర్‌లో దాచుకుంటుంది. ఆ బఫర్ ఎంత పెద్దదైతే ఆ నిరీక్షణ అంత పెద్దది. లెక్క కట్టి చూడండి: బఫర్‌లో ఒక మెగాబైటు పోగుపడితే, అంటే 8 మెగాబిట్లు, మా 40 ఎంబీపీఎస్ లైను మీద అది ఖాళీ అవడానికి సెకనులో ఐదో వంతు, 200 మిల్లీసెకన్లు పడుతుంది. మా మామూలు 22కి ఇది కలిపితే 222. మాకు కనిపించిన 230 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. వాలరెంట్ సర్వరు సెకనుకి 128 సార్లు ఆటని లెక్కగడుతుంది, అంటే దాదాపు ప్రతి 8 మిల్లీసెకన్లకి ఒకసారి. 200 ఆలస్యమంటే అలాంటివి పాతిక దాటిపోయాయన్న మాట. ఎదుటివాడు ఆ పాతికలో నీ మీదికి వచ్చి కాల్చి వెళ్ళిపోతాడు.

దీనికి పేరుంది, బఫర్‌బ్లోట్ అంటారు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు ఈ జబ్బుని తన ఇంట్లోనే పట్టుకున్నాడు. ఇవాళ నెట్ నెమ్మదిగా ఉందని ఆయన ఇంట్లోవాళ్ళూ అనేవారట. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి ప్రకటించారు. ప్యాకెట్టు వరసలో ఎంతసేపు నిలబడిందో చూసి, మరీ ఎక్కువైతే పంపేవాడికి తగ్గించమని తెలిసేలా చేయడం దాని కిటుకు. దానికి కిరాణా కొట్టాయన తెలివిని కలిపి, తక్కువ సామానువాణ్ణి మధ్యలో పంపేయడం నేర్పితే ఎఫ్‌క్యూ-కోడెల్ అయింది. 2018 జనవరిలో అది ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా ప్రచురితమైంది. అదే ఏడాది కేక్ అనే ఇంకా మెరుగైన పద్ధతి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్‌లోకి వచ్చింది. ఈ పనికి ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టిన డేవ్ టాట్ 2025 ఏప్రిల్‌లో చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు తమ్ముడికి చూపించాను. ఎక్కడో అమెరికాలో ఒకాయన మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళ గొడవ తీర్చాడని వాడికి తెలియాలనిపించింది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, ఎవరు ఆడుతున్నారో రూటర్‌కి చెప్పనక్కర్లేదు. ఆట ప్యాకెట్లు చిన్నవి, అరుదుగా వస్తాయి కాబట్టి వాటంతట అవే ముందుకి వెళ్తాయి. నా వీడియో కాల్ గొంతూ అలాగే వెళ్తుంది. అదే లాప్‌టాప్ 30 జీబీ దించుకోవడం మొదలుపెడితే, ఆ క్షణం నుంచి ఆ డౌన్‌లోడ్ నెల సామాను వరసలో నిలబడుతుంది.

నాన్న అడిగిన ప్రశ్న

డల్లాస్ రూటర్ని అన్నయ్యకి చెప్పే తీసేశాం. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను కానీ సరేనన్నాడు. మూడు వేల లోపు ఒక మామూలు రూటర్ కొన్నాను. చూసుకున్నది ఒక్కటే, రూటర్‌లో మనమే వేసుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దానికి పనిచేస్తుందా లేదా అని. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకే మోడల్ పేరుతో రకరకాల వెర్షన్లు అమ్ముతారు, లోపల చిప్పు మారిపోతుంది. రూటర్ అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ నంబరు ఉంటుంది. అది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ జాబితాలో ఉన్న వెర్షనో కాదో చూసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు. ఆ పని చేతకాదనుకుంటే, ఎస్‌క్యూఎమ్ (వరసని ఇలా తెలివిగా నడిపే ఏర్పాటు) గానీ ఎఫ్‌క్యూ-కోడెల్ గానీ కేక్ గానీ ముందే ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉన్న రూటర్ తీసుకోండి. "స్మార్ట్ క్యూఓఎస్" అని మాత్రమే రాసి ఉంటే అది చాలాసార్లు మా తమ్ముడు నొక్కిన మీటే.

ఎస్‌క్యూఎమ్‌లో వేగం 36కి కట్టాను. వరస నెట్ కంపెనీవాళ్ళు బిగించిన పెట్టెలో పేరుకోకుండా మన రూటర్ దగ్గరే పేరుకోవాలంటే, మనం లైను వేగం కన్నా కొంచెం తక్కువకే పంపాలి. పది శాతం తగ్గించడం మంచి మొదలు. ఫోల్డరు ఎక్కిస్తూ తమ్ముణ్ణి ఆడమన్నాను. పింగ్ 22 నుంచి 27కి వెళ్ళి, మధ్యమధ్య వైఫై వల్ల ఎగిరే అంకెలు తప్పిస్తే, అక్కడే ఆగింది. వాడు హెడ్‌ఫోన్ తీసి నా గదిలోకి వచ్చి, "నిజంగా ఎక్కిస్తున్నావా?" అని నా స్క్రీను చూసి వెళ్ళాడు.

నాన్న మాత్రం ఊరుకోలేదు. ఆయనకి నెలకోసారి స్పీడ్ టెస్ట్ చేసే అలవాటు. "నలభైకి డబ్బులు కడుతుంటే ముప్పై ఆరు వస్తోందేంటమ్మా? నాలుగు ఎవరికి పోతోంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. నేను వివరించాను గానీ ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ అది ఆయనకి నష్టమే. ఆ నాలుగు ఎంబీపీఎస్ ఇచ్చి ఇంట్లో నలుగురి మధ్య శాంతి కొనుక్కున్నామని నేనంటాను. కానీ ఇంట్లో ఆడేవాళ్ళు లేకుండా సినిమాలు చూసేవాళ్ళే ఉంటే ఆయన వాదనే సరైనది, అప్పుడు ఇదంతా అనవసరం.

ఇంకో అభ్యంతరం నా ఆఫీసులో ఒకతను లేవనెత్తాడు. వాళ్ళది ఒక గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ప్లాను. మూడు వేల రూటర్‌లో ప్రాసెసర్ చిన్నది. ఎస్‌క్యూఎమ్ పెడితే ప్రతి ప్యాకెట్టునీ ప్రాసెసరే చూడాలి కాబట్టి అంత వేగం మోయలేదు, లైను వేగం సగానికి సగం పడిపోవచ్చు. అది నిజం. అలాంటివాళ్ళు బలమైన ప్రాసెసర్ ఉన్నది కొనాలి, దానికి డబ్బవుతుంది. అయితే గిగాబిట్ లైను నింపడమే కష్టం, ఒక ఇంట్లో అది రోజులో ఎన్నిసార్లు నిండుతుంది? వాళ్ళింట్లో అసలు ఇబ్బంది వైఫై దగ్గర ఉండి ఉంటుందని నా అనుమానం. అతన్ని ముందు ఒక పరీక్ష చేసి చూడమన్నాను.

బీరువా వెనక వైఫై

ఆ పరీక్ష ఏంటంటే, రూటర్‌నే పింగ్ కొట్టడం. చాలామంది బయటి సర్వర్‌కే పింగ్ చూస్తారు, 200 వస్తే కంపెనీని తిడతారు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 192.168.1.1కి, లేదా మీ రూటర్ అడ్రస్ ఏదైతే దానికి, ఆపేదాకా కొట్టేలా మైనస్ టీ పెట్టి పింగ్ ఇవ్వండి. అది మీ ఇంట్లోనే ఉంది, నాలుగు గోడల మధ్యే. తమ్ముడి గది నుంచి కొడితే వచ్చిన అంకెలు ఇవి: 2, 3, 2, 2, 118, 3, 2, 241, 2. బయటి నెట్‌తో సంబంధమే లేకుండా ఇంట్లోనే 241.

రూటర్ ఎక్కడ ఉందో చెప్తాను. లైను వేయడానికి వచ్చినతను తలుపు పక్క కిటికీలోంచి వైరు తెచ్చి, చెప్పుల స్టాండు పైన గోడకి బిగించి వెళ్ళిపోయాడు. చాలా ఇళ్ళలో అంతే, వాళ్ళకి దగ్గరైన చోటే మనకి రాసిపెట్టి ఉంటుంది. అక్కడి నుంచి తమ్ముడి గదికి మధ్యలో రెండు గోడలు, అమ్మ ఇనప బీరువా. ఇనుము వైఫైని దాటనివ్వదు. అమ్మ మైక్రోవేవ్ పెట్టినప్పుడల్లా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద గోల, ఎందుకంటే అదీ ఆ తరంగాల దగ్గరే పనిచేస్తుంది. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని చానళ్ళు మూడే, 1, 6, 11. తమ్ముడి గదిలో నిలబడి లెక్కపెడితే మా అపార్ట్‌మెంటులో 31 వైఫై పేర్లు కనిపించాయి. ముప్పై ఒక్కమంది మూడు దారుల్లో నడుస్తుంటే ఎనిమిది యాంటెన్నాలు ఏం చేస్తాయి? ఎన్ని యాంటెన్నాలున్నా రూటర్ ఎంత బలంగా అరవొచ్చో చట్టం పరిమితి పెడుతుంది. ఫోన్ తిరిగి అరిచేది మాత్రం ఎప్పటిలా చిన్న గొంతుతోనే.

అందుకే నా మొదటి సలహా వైరు, అంటే రూటర్ నుంచి లాప్‌టాప్‌కి నేరుగా. క్యాట్ 6 వైరు చాలు, నిజానికి క్యాట్ 5ఈ కూడా వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. వైరు లాగాక అదే పరీక్షలో వచ్చింది, ప్రతి వరసలోనూ, ఒక మిల్లీసెకను కన్నా తక్కువ. పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారీ మారలేదు.

వైరు వద్దనడానికి కారణాలుంటాయి. అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కొట్టనివ్వడు. అలాంటిచోట బల్లపరుపు వైర్లు దొరుకుతాయి, గోడ అడుగు అంచు పక్కన అంటించుకుంటూ తలుపు కింద నుంచి తీసుకెళ్ళొచ్చు. సొంత ఇల్లయితే పాత టీవీ కేబుల్ పైపులు గోడల్లో ఉండే ఉంటాయి, ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

ఇంకా పెద్ద కారణం, మన దగ్గర చాలామంది ఆడేది ఫోన్ మీద. బీజీఎంఐ ఆడే పిల్లాడికి వైరు పట్టుకుని కూర్చోమంటే వాడు వినడు. టైప్-సీ నుంచి లాన్‌కి మార్చే అడాప్టరు చాలా ఫోన్లకి పనిచేస్తుంది, కానీ మంచం మీద పడుకుని ఆడేవాడికి అది నేను చెప్పను. వాళ్ళకి 5 గిగాహెర్ట్జ్ వైఫై, అదే గదిలో. గోడ దాటించకండి. చానల్ 36 నుంచి 48 మధ్యలో గానీ 149 పైన గానీ పెట్టండి. మధ్యలోవి రాడార్లతో పంచుకునే చానళ్ళు, రాడార్ వినబడిందనుకుంటే రూటర్ ఉన్నపళంగా చానల్ మార్చేస్తుంది, ఆట ఆగిపోతుంది. గది దూరమైతే మధ్యలో గోడకి గుచ్చే ఎక్స్‌టెండరు కొనకండి, అది అదే గాలిలో విని మళ్ళీ అరుస్తుంది, ఆలస్యం పెరుగుతుంది. ఆ గదిలోకి ఒక వైరు తీసుకెళ్ళి, మూల పడేసిన పాత రూటర్ని అక్కడ యాక్సెస్ పాయింటుగా, అంటే వైఫై మాత్రమే ఇచ్చేలా, పెట్టండి. చూశారా, ఫోన్‌కీ చివరికి వైరే.

కరెంటు గురించి కూడా ఒక మాట. వేసవిలో మా ఇంట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల రూటర్, కంపెనీ పెట్టె రెండూ రీస్టార్ట్ అయ్యేవి. మళ్ళీ నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు, ఈలోగా మ్యాచ్ పోయేది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాంతో మార్పు త్వరగా జరుగుతుంది. మాకు దాంతో సరిపోయింది. సరిపోనివాళ్ళు 12 వోల్టుల చిన్న రూటర్ యూపీఎస్ తీసుకోవచ్చు.

ఏ రూటరూ చేయలేనిది

నా వాదనలో ఒక చిక్కుంది. ఇవన్నీ చేశాక కూడా పింగ్ తగ్గనివాళ్ళు ఉంటారు. వాళ్ళు నన్ను అడిగితే నా దగ్గర ఓదార్పు లేదు, లెక్క ఉంది. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబయి సర్వర్‌కి ఏడొందల కిలోమీటర్ల దారి అనుకుంటే, పోయి రావడానికి 7 మిల్లీసెకన్లు. దాన్ని ఎవరూ ఆరు చేయలేరు. సింగపూర్ సర్వర్ అయితే మూడు వేల కిలోమీటర్ల పైమాటే, ముప్పై దాటకుండా కుదరదు. ఇవి కనీసాలు. అసలు దారి వంకర్లు తిరుగుతుంది. కంపెనీ నీ ప్యాకెట్టుని ఏ ఊరి మీదుగా తీసుకెళ్తుందో అది వాళ్ళ ఇష్టం.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్ళు తొలగించడం మొదలుపెట్టారు, ఎన్నో కాలనీల్లో నెట్ ఆగిపోయింది. మనుషులు చనిపోయిన చోట నా నెట్ గురించి మాట్లాడటం కూడా సబబు కాదు. కానీ మన ఇంటి లైను ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో ఆ వారం అందరికీ అర్థమైంది. ఆ మరుసటి నెలలో ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడూ అంతే.

డబుల్ నాట్ అని ఒక భయం కూడా ఉంది. నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నిటినీ బయటికి ఒకే అడ్రస్‌తో చూపించే రూటర్ పని. కంపెనీ పెట్టె వెనక మన రూటర్ పెడితే నాట్ రెండుసార్లు జరుగుతుంది. వాలరెంట్, బీజీఎంఐ లాంటివి సర్వర్‌తో మాట్లాడే ఆటలు, వాటికి దీనివల్ల పెద్ద తేడా ఉండదు. కన్సోల్ మీద ఒకరింటికి ఒకరు నేరుగా కనెక్ట్ అయ్యే ఆటలకి ఇబ్బంది రావచ్చు, అప్పుడు కంపెనీ పెట్టెని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అది రూటర్ పని మానేసి లైను మాత్రమే అందించేలా, పెట్టించుకోవాలి. నేను కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేసినా ఆ మాటే అర్థం కాలేదు. మా ఏరియా లైన్‌మన్ అన్న వచ్చి ఐదు నిమిషాల్లో మార్చి వెళ్ళాడు. అయితే మీ రూటర్‌కి బయటి అడ్రస్‌గా 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యేది వస్తే, కంపెనీవాళ్ళ దగ్గరే ఇంకో నాట్ ఉందని గుర్తు. దాన్ని ఇంట్లో కూర్చుని తీసేయలేం.

గుంటూరులో

మొన్న ఒక పెళ్ళికని వెళ్ళి, పనిలో పనిగా పిన్నివాళ్ళింట్లో ఒక పూట ఉన్నాను. డాబా ఇల్లు. నెట్ పెట్టె కింద హాల్లో టీవీ వెనక, పిన్ని కొడుకు గది పైన. మధ్యలో శ్లాబు. ముందు వాడి చేతే రూటర్‌కి పింగ్ కొట్టించాను. మూడో వరసలోనే 190 వచ్చింది. వాడు నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.

బాబాయి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. మెట్ల పక్క డిష్ వైరు కోసం వేసిన పైపు ఉంది, అందులోంచే 22 మీటర్ల వైరు లాగాడు. మొదట తెచ్చిన వైరు చాలా చవకది. బిగించాక లింకు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగింది. చివర కోసి గీకి చూస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. మళ్ళీ బజారుకి వెళ్ళి నిఖార్సయిన రాగిది తెచ్చాడు. ఎనిమిది తీగల్ని రంగుల వరసలో దువ్వినట్టు సర్ది, కొసలు సమంగా కత్తిరించి, క్లిప్పులో దూర్చి నొక్కాడు. ఈసారి లింకు గిగాబిట్. వాడు కూర్చుని అరగంట ఆడాడు. ఆ అరగంటా 38, 39, 38. బాబాయి కింద హాల్లో సినిమా పెట్టారు, 46 దాకా ఎక్కి దిగింది. వాళ్ళ ప్లాను వేగం ఎక్కువ, ఆ మాత్రానికి ఎస్‌క్యూఎమ్ కోసం కొత్త రూటర్ ఇప్పుడే అక్కర్లేదన్నాను.

"అక్కా, మీ ఇంట్లో 22 కదా. మాకింకో పది తగ్గదా?" అని అడిగాడు.

ప్యాకెట్టు ఏ దారిన వెళ్తోందో చెప్పే ట్రేస్‌రూట్ ఎలా చూడాలో వాడికి చూపించాను. వాళ్ళ ప్యాకెట్టు ముందు చెన్నై వెళ్ళి, అక్కడి నుంచి ముంబయి వెళ్తున్నట్టుంది. పక్కింట్లో ఇంకో కంపెనీ లైను ఉంది, ఎదురింట్లో మరొకటి. ఆ రెండిళ్ళలోనూ సాయంత్రం ఎనిమిదింటికి, ఆదివారం రాత్రీ ఇదే పరీక్ష చేసి కాగితం మీద రాయమన్నాను. వాళ్ళ ప్లాను సంక్రాంతికి అయిపోతుంది, మార్చాలా వద్దా అన్నది ఆ అంకెలు చూశాక తేలుతుంది. నిన్న వాట్సాప్‌లో ఎదురింట్లో చేసిన పరీక్ష ఫోటో పంపాడు, 29 ఉంది. పక్కింటి ఆంటీ ఊరెళ్ళారట, వచ్చాక చూస్తానన్నాడు.